కంటికి ఆనని సైకిలు

పడక సైకిలు ఎక్కినవాడు పడక ఇంటికి చేరాలి. ఈ ముక్క అన్నది అద్దాలాయన బావమరిది. అన్ననాడు వీధి వీధంతా పగలబడి నవ్వింది. ఇప్పుడా వీధిలో ఆ ముక్క ఎవరూ అనరు. అనబోయినవాళ్ళు నాలిక కరుచుకుంటారు.

అద్దాలాయనంటే కళ్ళద్దాలు పెట్టుకున్నాయన కాదు. లారీలకీ బస్సులకీ అటూ ఇటూ చెవుల్లా వేలాడుతుంటాయే అద్దాలు, అవి చేసే ఫ్యాక్టరీలో ఆఖరి బల్ల ఆయనది. బల్లకెదురుగా గోడ మీద నల్ల గళ్ళ బోర్డు. వచ్చిన ప్రతి అద్దాన్నీ స్టాండులో నిలబెట్టి, అందులో ఆ గళ్ళు ఎలా కనపడుతున్నాయో చూడాలి. అవి ఉబ్బుటద్దాలు కనక గీతలు ఎలాగూ వంగుతాయి. ఒద్దికగా వంగితే వెనకాల ఆయన ముద్ర, ఎక్కడైనా మెలిక తిరిగితే అద్దం తొట్టిలోకి. "మనిషి నుదుటి గీత వంకరైనా పరవాలేదు, అద్దంలో గీత వంకర పోకూడదు" అనేవాడు. "అద్దానికీ అబద్ధానికీ మధ్య అడ్డంగా కూర్చున్నది నేనేనయ్యా" అని కూడా అనేవాడు. రెండోది ఎక్కువసార్లు అనేవాడు.

అంత గట్టి కళ్ళకి అంత నాసి నడుం ఎలా వచ్చిందంటే, బల్ల దగ్గరికి రాకముందు ఆయన గాజు పలకల పెట్టెలు మోసేవాడు. ఆ పెట్టెలు ఎప్పుడో దిగిపోయాయి కానీ వాటి బరువు వెన్నులోనే అద్దెకుండిపోయింది. డాక్టరు ఫోటో తీయించి, లైటుకి పట్టి చూసి, "స్కూటరు వద్దు. మామూలు సైకిలు వద్దు. బస్సులో నిలబడటం అసలొద్దు. వీలైనంతసేపు వెనక్కి వాలి ఉండండి" అన్నాడు.

"ఉద్యోగం కూడా వాలే చెయ్యాలా డాక్టరుగారూ?"

"అది మీరూ మీ కంపెనీ చూసుకోండి."

కంపెనీ చూసుకుంది. ఉన్నపళంగా ఫ్యాక్టరీని ఊరవతలికి, పెద్ద రోడ్డు దాటించి మార్చేసింది. తీసుకెళ్ళే బస్సు ఎత్తేసింది. గేటు మూసేలోపు రాలేనివాళ్ళ జాగాలో వేరేవాళ్ళొస్తారని చెప్పేసింది. సూపర్‌వైజరు మంచివాడే. భుజం మీద చెయ్యేసి మరీ చెప్పాడు: "పెద్దాయనా, కంపెనీకి కావలసింది మీ కళ్ళే. కానీ నడుం ఇంట్లో పెట్టి కళ్ళొక్కటే పంపలేరు కదా."

అదీ చిక్కు. పనికి చేరగలిగితే పని ఉంటుంది. చేరే దారి లేదు.

దారి చూపించింది బావమరిది. వీధి మొగలో సైకిలు రిపేరు కొట్టు వాడిది. ఊచలా ఉంటాడు కనక అందరూ వాణ్ణి స్పోకు అంటారు. వారం పది రోజులు కొట్టు వెనకాల ఇనుప గొట్టాలు కోసి, అతికించి, ఓ సాయంత్రం దాన్ని వీధిలోకి తోసుకొచ్చాడు. ముందు చిన్న చక్రం, వెనక పెద్ద చక్రం, మధ్యలో బారుగా వాలిన వల కుర్చీ. పెడల్స్ కింద కాదు, ముందు. మనిషి వెల్లకిలా వాలి, కాళ్ళు ముందుకి చాపి తొక్కాలి. వెనక చక్రంలో మోటారు, కుర్చీ వెనకాల బ్యాటరీ.

"పడుకుని ఆఫీసుకెళ్ళడం అంటే ఇదే బావా. ఇన్నాళ్ళూ ఆఫీసుకెళ్ళి పడుకునేవాళ్ళనే చూశాం."

అద్దాలాయన ఎక్కాడు. ఎక్కాడనకూడదు, దిగాడనాలి, కుర్చీ అంత కిందకి ఉంది. వీధి చివరి దాకా వంకర్లు తిరుగుతూ వెళ్ళి, తిన్నగా వచ్చాడు. ఎన్నాళ్ళకో ఆయన వెన్ను ఒక్క మాట కూడా అనలేదు. మొహంలో వెలుగు చూసి బావమరిది కళ్ళు తుడుచుకున్నాడు. గ్రీజు చేతులతో తుడుచుకోబట్టి అది నవ్వులాటైపోయింది.

నవ్వనిది ఒక్కత్తే, స్పోకుకి అక్క, అద్దాలాయనకి ఇల్లాలు.

"ఇంట్లోంచి కాళ్ళు ముందు పెట్టి బయటికెళ్ళేది ఎప్పుడో మీకు తెలీదా?"

"గుమ్మం దాటేదాకా నడిపించుకెళ్తాలేవే. వీధిలో పడ్డాకే పడుకుంటా."

"ఆ 'పడ్డాక' అన్న మాట మానండి ముందు. ఒరే తమ్ముడూ, ఇంత పొట్టిగా ఉంటే లారీవాడికి ఎలా కనపడతార్రా ఈయన?"

"జెండా పెడదాం అక్కా. సన్నటి కర్ర, లారీ కిటికీ ఎత్తున. కొసన ఎర్ర గుడ్డ."

ఆవిడ అప్పటికప్పుడు మెత్తని ఎర్ర గుడ్డ తెచ్చి అంచులు కుట్టింది. కట్టబోతే అద్దాలాయన ససేమిరా అన్నాడు. ఊరేగింపులా ఉంటుందన్నాడు, గాలికి లాగుతుందన్నాడు. అసలు కారణం వేరే.

"చూడూ. లారీ అద్దంలో నాకు డ్రైవరు మొహం కనపడిందా, డ్రైవరుకి నేను కనపడ్డట్టే. వెలుగు వెళ్ళే దారీ వచ్చే దారీ ఒకటే. అది నా మాట కాదు, వెలుగు మాట. ఆ అద్దాలకి ముద్ర వేసేది నేను. జెండా కట్టుకుని తిరిగానంటే నా ముద్ర మీద నాకే నమ్మకం లేనట్టు!"

"జెండా వద్దన్నవాళ్ళకి దండే" అని ఆవిడ గుడ్డ మడిచి బీరువాలో పెట్టేసింది.

పనికొచ్చిందా అంటే, పడక సైకిలు బ్రహ్మాండంగా పనికొచ్చింది. వంతెన ఎక్కేటప్పుడు మామూలు సైకిళ్ళవాళ్ళు దిగి రొప్పుతూ తోసుకుంటుంటే, ఈయన వేలితో మీట నొక్కి, మేఘాలు చూసుకుంటూ ఎక్కేవాడు. సాయంత్రం బ్యాటరీ ఊడదీసి, పసిపిల్లని చంకనేసుకున్నట్టు మెట్లెక్కించి, వంటగది మూల ఛార్జింగు పెట్టేవాడు. సైకిలు మాత్రం మెట్లెక్కేది కాదు, లిఫ్టులో పట్టేది కాదు. కింద మీటర్ల గదిలో అడ్డంగా పడుకుని, లోపలికొచ్చిన ప్రతివాడి చేతా తిట్లు తినేది. ఇక బాధలంటారా, చాలా ఉన్నాయి. వాన వస్తే మామూలువాళ్ళకి నెత్తి మీద పడుతుంది, ఈయనకి నోట్లో. బస్సు పొగగొట్టం సరిగ్గా ముక్కు ఎత్తున ఉంటుంది. వీధికుక్కలు మొహంలో మొహం పెట్టి పలకరించేవి. గుంట వస్తే సీటు మీంచి లేవడానికి లేదు, గుంటని పూర్తిగా అనుభవించాల్సిందే. మెడ వెనక్కి తిరగదు కనక, తొట్టిలో పడేసిన అద్దం ముక్కని స్పోకు గుండ్రంగా కోసి హ్యాండిలుకి బిగించాడు.

"నువ్వు పనికిరాదన్న అద్దమే నీకు పనికొచ్చింది చూశావా బావా!"

ఏమైతేనేం, గేటు మూసేలోపు ఆయన గేట్లో ఉండేవాడు. కళ్ళూ నడుం కలిసే వచ్చేవి.

ఇంతలో రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి స్పోకు కొట్టు కొట్టేశారు. కొట్టు కొట్టించుకున్నవాడు పని కోసం తలుపులు కొట్టాడు. అద్దాలాయన సూపర్‌వైజరుతో చెప్పి, అద్దాలు అట్టపెట్టెల్లో సర్దే పని ఇప్పించాడు. స్పోకు దగ్గర మామూలు సైకిళ్ళు బోలెడు. వాడి నడుం ఇనుము. వాడికి పడక సైకిలు అవసరమే లేదు.

"ఆ నిక్కుకుంటూ తొక్కే సైకిలెందుకురా?" అన్నాడు అద్దాలాయన. "నేను కింద, నువ్వు పైన. దార్లో నీతో మాట్లాడాలంటే బావిలోంచి అరిచినట్టుంటుంది. నువ్వూ ఒకటి చేసుకో."

"బావ పడుకుంటే బావమరిది నిలబడతాడా? చేసేస్తా."

చేసేశాడు. ఈసారి అక్క వదల్లేదు. బీరువాలోంచి ఎర్ర గుడ్డ తీసి, తమ్ముడి కర్రకి తనే కట్టి, చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి వెనక ఒకరు, పక్కలు పరిచినట్టు, రోజూ వెళ్ళేవాళ్ళు. వెనకవాడి నెత్తిన ఎర్రగా జెండా ఆడేది. ఫ్యాక్టరీలో వాడికి 'రైలు గార్డు' అని పేరు పడింది. వాడు విజిల్ వేసి మరీ లోపలికొచ్చేవాడు. వాడికేం పట్టింపు లేదు. పట్టింపు బావది.

ఓ మధ్యాహ్నం అన్నాల దగ్గర అద్దాలాయన అన్నాడు: "ఒరే, నేను పాస్ చేసిన అద్దాలు సర్దేది నువ్వు. వాటిని నమ్మకుండా తిరిగేదీ నువ్వేనా? జెండా ఊపితే రైలు ఆగుతుంది కానీ లారీ ఆగుతుందిట్రా?"

"లారీవాడు ఆగడు, సారీ కూడా చెప్పడు" అన్నాడు స్పోకు నవ్వుతూ. చెయ్యి కడుక్కొచ్చి, కర్ర మీంచి గుడ్డ విప్పి బావ బల్ల మీద పడేశాడు. "ఇదిగో బావా, అక్కకి చెప్పకు. దీంతో నీ అద్దాలు తుడుచుకో."

మెత్తటి గుడ్డ. వేలిముద్ర పడ్డచోట ఒక్కసారి రాస్తే చాలు, అద్దం తళతళలాడేది. అద్దాలాయన దాన్ని అన్నం సంచిలో పెట్టుకుని తెచ్చుకునేవాడు, తీసుకెళ్ళేవాడు.

అది మబ్బు పట్టిన పొద్దు. పెద్ద రోడ్డు కూడలిలో ఎర్రలైటు. ఇసుక లారీ ఆగి ఉంది. దాని పక్కనే, చక్రాల ఎత్తుకి కూడా రాకుండా, ఇద్దరూ జారుకుంటూ వచ్చి ఆగారు. బావ లారీ ముందు చక్రానికి కాస్త వెనగ్గా, బావమరిది ఆయన వెనక. అద్దాలాయన తలెత్తి లారీ అద్దంలోకి చూశాడు. డ్రైవరు మొహం కనపడింది. కళ్ళు, ముక్కు, చెవి మీద పెట్టుకున్న పెన్సిలు కూడా కనపడింది. ఎప్పటిలాగే వెనక్కి బొటనవేలు చూపించాడు, సరే అన్నట్టు. స్పోకు కూడా అద్దంలోకి చూసి బొటనవేలు లేపాడు.

పచ్చలైటు పడింది. అద్దాలాయన మీట నొక్కి తిన్నగా ముందుకెళ్ళాడు. హ్యాండిలు మీది గుండ్రటి అద్దంలో బావమరిది బొటనవేలంత ఉన్నాడు, వస్తున్నాడు, ఏదో అంటున్నాడు. మళ్ళీ చూసేసరికి అద్దం నిండా చక్రం.

సంచులు చిరిగినట్టు ఓ చప్పుడు. తర్వాత ఎవరో "ఆపరా" అని అరిచారు. ఆ అరుపు దేనికీ అందలేదు.

పోలీసు స్టేషను వరండాలో, బల్ల మీద లారీ డ్రైవరు కూర్చున్నాడు. చిన్నవాడే. నీళ్ళ సీసా మూత తిప్పుతున్నాడు, బిగిస్తున్నాడు, తాగడం లేదు. అద్దాలాయన పక్కనే కూర్చున్నాడు. కొట్టడానికి వచ్చాడనుకుని వాడు భుజాలు ముడుచుకున్నాడు.

"అద్దం చూశావా?"

"చూశానండీ. మలుపు తిరిగేముందు చూశాను. మా అమ్మ మీద ఒట్టు."

"ఏం కనపడింది?"

వాడు మూత బిగించి సీసా పక్కన పెట్టాడు. "కింద బూడిదరంగులో ఏదో ఉంది. గాలికి కొట్టుకొచ్చిన గోనెసంచి అనుకున్నానండీ. రోడ్డు మీద మనిషి పడుకుని వెళ్తాడని ఎవరనుకుంటారు? మనిషంటే నిలబడైనా ఉంటాడు, కూర్చునైనా ఉంటాడు. కనపడ్డాడండీ. కానీ కంటికి ఆనలేదు."

అద్దాలాయన లేచాడు. ఆవరణలో లారీ ఉంది. ఆ వైపు అద్దం చెక్కుచెదరలేదు. ఆయనకి ఒక్కటే ఆశ, అందులో ఎక్కడో మెలిక ఉండాలి. తన కన్నుగప్పి పోయిన మెలిక. అదుంటే పాపం తన ముద్రదవుతుంది, ముద్రని తిట్టుకుని బతకొచ్చు. గళ్ళ బోర్డు లేదు. స్టేషను కిటికీకి అడ్డూ నిలువూ ఊచలున్నాయి. నడుం కలుక్కుమంటున్నా మునివేళ్ళ మీద లేచి, ఆ ఊచలు అద్దంలో పడేట్టు తల ఇటూ అటూ జరిపి చూశాడు. పైనుంచి కిందికి, అంచు నుంచి అంచుకి చూశాడు. ఊచలు ఎంతో ఒద్దికగా వంగాయి. ఒక్క మెలిక లేదు. వెలుగు ఇచ్చిన మాట తప్పలేదు. స్పోకుని తీసుకెళ్ళి డ్రైవరు కంట్లో పెట్టింది. కన్ను పుచ్చుకోలేదు.

వెనకాల ముద్ర ఎవరిదో చూడలేదు. ఎవరిదైతే ఏం.

ఇంట్లో జరగాల్సినవన్నీ జరిగాక, వచ్చినవాళ్ళు వెళ్ళాక, ఇల్లాలు గిన్నెలు తోముతూ, మరిచిపోయిన అన్నం సంచి తీసింది. డబ్బా తీసింది. అడుగున ఎర్ర గుడ్డ.

ఆవిడ దాన్ని చేత్తో పట్టుకుని వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఇది మీ సంచిలో ఎందుకుంది?"

ఆయన మాటలవాడు. దేనికైనా ఓ మాట ఉండేది ఆయన దగ్గర.

"వాడే ఇచ్చాడు" అన్నాడు. అని, అది అబద్ధం కాకపోయినా అబద్ధమేనని తెలిసి, "నేనే తియ్యమన్నాను" అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేశారు దీంతో?"

"అద్దాలు తుడిచాను."

ఆవిడ గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసింది. మధ్యలో నల్లగా మరకలు.

"బాగా తుడిచిందా?" అంది.

ఆయన గుడ్డ కోసం చెయ్యి చాపాడు, ఆవిడ ఇవ్వలేదు.

"వాడు వెనకాల వస్తుంటే మీకు కనపడుతూనే ఉన్నాడా?"

"కనపడ్డాడు. అద్దంలో."

ఆవిడ ఇంకేం అడగలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా అడగలేదు. అన్నం పెట్టేది. నడుముకి మందు రాసేది, రాసేటప్పుడు చెయ్యి మాత్రమే అక్కడుండేది. ఆయన పనికి వెళ్ళడం మానేశాడు. సూపర్‌వైజరు మనిషిని పంపాడు, తర్వాత తనే వచ్చాడు. "ఈ వారం దాకా మీ బల్ల ఖాళీగానే ఉంచుతాను పెద్దాయనా. ఆ పైన నా చేతిలో లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున మీటర్ల గదిలోంచి చప్పుడొస్తే అద్దాలాయన కిందికి దిగాడు. ఇల్లాలు నేల మీద కూర్చుని, ఆయన సైకిలు కుర్చీకి కర్ర బిగిస్తోంది. తమ్ముడి పానాతో. స్పోకు కర్రే అది, ఓ చోట విరిగితే తీగ చుట్టింది. కొసన ఎర్ర గుడ్డ ఉతికి కట్టింది. మరకలు పూర్తిగా పోలేదు.

"నేనిక దీని మీద వెళ్ళను" అన్నాడాయన.

"మరి దేని మీద వెళ్తారు?"

వేరే దారి లేదు. ఎప్పుడూ లేదు. ఉంటే ఈ సైకిలే వచ్చేది కాదు.

"వాడు మీ కోసం చేశాడు దీన్ని" అంది ఆవిడ పానా తిప్పుతూనే. "వెళ్ళండి. మీరు కనపడకుండా పోతే ఏడవడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. కనపడేట్టు వెళ్ళండి."

గుమ్మం దాకా నడిపించుకెళ్ళాడు. దాటాక వాలాడు. కాళ్ళు ముందుకి చాపాడు.

ఆఖరి బల్ల మీద అద్దాలు పేరుకుపోయి ఉన్నాయి. మొదటిది స్టాండులో నిలబెట్టాడు. గళ్ళు చూశాడు. తుడవడానికి చెయ్యి సంచిలోకి వెళ్ళి, ఖాళీగా తిరిగొచ్చింది. చొక్కా అంచుతో తుడిచాడు. గీతలు ఒద్దికగా ఉన్నాయి. తప్పేదైనా దొరికితే బాగుండునని చాలాసేపు చూశాడు.

"ఏం పెద్దాయనా, లోపం ఉందా?" అన్నాడు సూపర్‌వైజరు.

"అద్దంలో లేదు."

ముద్ర వేశాడు. ఆ పూటంతా వేస్తూనే ఉన్నాడు. అటువైపు అట్టపెట్టెలు సర్దేచోట కొత్తవాడెవడో విజిల్ వెయ్యబోయాడు, పక్కవాళ్ళు వాణ్ణి మోచేత్తో పొడిచారు.

సాయంత్రం అదే కూడలి. ఎర్రలైటు. ముందు ఓ లారీ. పక్కన సైకిలు పట్టేంత జాగా ఉంది. లారీ అద్దంలో డ్రైవరు మొహం తేటగా కనపడుతోంది, ఆవలించడం కూడా కనపడుతోంది. అద్దాలాయన పక్కకి వెళ్ళలేదు, వెనకాలే ఆగాడు. పచ్చలైటు పడింది. లారీ కదిలింది. ఆయన కదల్లేదు. నెత్తి మీద గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. లారీ మలుపు తిరిగి, దాని వెనక బస్సు తిరిగి, దాని వెనక ఇంకేదో తిరిగింది.

వెనక హారన్లు మొదలయ్యాయి. ఎవడో కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు.

"ఏవయ్యా, రోడ్డు మీద పడుకున్నావా?"

ఇదివరకైతే ఆ మాటకి ఆయన దగ్గర ఓ పది జవాబులుండేవి. వెనకాల ఇంకొకడి దగ్గర ఇంకో పది ఉండేవి. హ్యాండిలు మీది గుండ్రటి అద్దంలోకి చూశాడు. అందులో రోడ్డుంది, రోడ్డు మీద గాలికి దొర్లుతూ ఓ సంచి ఉంది. అది సంచేనని తేల్చుకునేదాకా ఆయన కదల్లేదు.